సందు లేని తీగ

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన శుక్రవారం మా ఊరి మీద బాంబులు పడితే, నుసెన్‌కు ఒళ్ళు మండింది జర్మన్ల మీద కాదు, తెగిన తీగ మీద. సబ్బాతు నాడు, అంటే శనివారపు విశ్రాంతి దినాన, యూదుడు ఇల్లు దాటి ఏదీ మోయకూడదు, చంటిబిడ్డనైనా సరే. ఊరి చుట్టూ తీగ కట్టి ఉంటే మాత్రం ఊరంతా ఒకే ఇల్లని లెక్క, మోయవచ్చు. ఆ తీగను శుక్రవారం శుక్రవారం చూసి, తెగినచోట కట్టే పని నుసెన్‌ది. ఆ రోజూ కాలుతున్న వీధిలో నిచ్చెన వేసి స్తంభం ఎక్కాడు.

"దిగవయ్యా మహానుభావా! నెత్తిన విమానాలు!" అని మా మతగురువు రబ్బీ గారు కింద నుంచి అరిచారు.

"రేపు సబ్బాతని వాళ్ళకు తెలీదండీ. మనకు తెలుసు కదా!"

మరుసటి ఏడు జర్మన్లే మా వీధుల చుట్టూ ముళ్ళకంచె వేశారు. దాటితే కాల్చేస్తామన్నారు. ఊరంతా గొల్లుమంది. నుసెన్ కూడా ఏడ్చాడు. ఏడుస్తూనే కంచెను తడిమి చూసి, "పనితనం మాత్రం గట్టిదే" అన్నాడు. కూతురు ఫ్రేడ్ల్ విసురుగా ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఇక ఆ కంచే మాకు సబ్బాతు తీగ, శుక్రవారం శుక్రవారం దాన్ని చూసే పనీ ఆయనదే.

ఫ్రేడ్ల్‌కు ఎనిమిది నెలల పాప. పక్క ఊళ్ళో పసిపిల్లల్ని కూడా చంపడానికి లారీలెక్కించారని కబురొచ్చింది.

"శనివారం పొద్దున కంచె అవతలికి పాలమ్మే యాద్విగ వస్తుంది నాన్నా. పాపను తనకిచ్చేస్తా. మనవరాలని చెప్పుకుని పెంచుతుందట."

"కంచె దాటించేదెట్లాగే?"

"అది నీకెందుకు? నీ నోట్లో నువ్వుగింజ నానదు."

శుక్రవారం తోళ్ళ కొట్టం వెనక కంచెలో నుసెన్‌కు ఒక సందు కనబడింది. చిన్న సందుకు దోషం లేదని రబ్బీ గారు ఎన్నిసార్లు చెప్పినా ఈయన మనసొప్పదు. కాపలావాడు అటు తిరగగానే వంగి, తెగిన కొసలన్నీ కలిపి మెలిపెట్టి కట్టేశాడు. ఇంటికొచ్చి తృప్తిగా చేతులు కడుక్కున్నాడు.

శనివారం పొద్దున పాపను శాలువాలో చుట్టుకుని వెళ్ళిన ఫ్రేడ్ల్ వెంటనే పరుగెత్తుకొచ్చింది. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"నేను కోసిన సందు ఎవడో కట్టేశాడు నాన్నా! వాడి చేతులు పడిపోను, ఎంత గట్టిగా కట్టాడో! యాద్విగ అవతల నిలబడి ఉంది. కాపలావాడు వచ్చేస్తాడు!"

ఆ ముడి విప్పగలవాడు ఊళ్ళో నుసెన్ ఒక్కడే. సబ్బాతు నాడు ముడి విప్పకూడదు. ప్రాణం నిలబెట్టడానికైతే తప్పులేదని ఆయనకూ తెలుసు, కాని జన్మలో చేసిన పని కాదు. పడుతూ లేస్తూ పరుగెత్తాడు. వేళ్ళు చీరుకుపోతున్నా విప్పాడు. తన పనితనాన్ని తానే తిట్టుకుంటూ విప్పాడు. ఫ్రేడ్ల్ పాపను ముద్దు పెట్టుకుని సందులోంచి అందించింది. యాద్విగ పాలబండిలో గడ్డి కింద దాచి తోలుకుపోయింది.

ఫ్రేడ్ల్ ఆయన చేతుల వంక చూసింది. "నువ్వేనా నాన్నా?"

"నేనేనమ్మా."

ఆమె ఖాళీ శాలువాతో ఆయన వేళ్ళు చుట్టింది.

మరుసటి శుక్రవారం రబ్బీ గారు ఎప్పట్లాగే అడిగారు. "తీగ ఎలా ఉందయ్యా?"

"ఎక్కడా సందు లేదండీ." నుసెన్ జన్మలో ఆడిన మొదటి అబద్ధం అది.

రబ్బీ గారు ఆయన వేళ్ళ కట్ల వంక చూశారు.

"మంచిది. రేపు పొద్దున మా చంటి మనవణ్ణి తీసుకొస్తాను. కాస్త సాయం పట్టు" అన్నారు.