పద్నాలుగో నంబరు జెర్సీ

పద్నాలుగో నంబరు కుట్టాలట! జెంజికి ఒళ్ళు మండిపోయింది.

ఆష్‌బాఖ్ ఐస్ హాకీ క్లబ్బులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆటగాళ్ళ జెర్సీల మీద పేర్లూ నంబర్లూ కుడుతున్నది ఆవిడే. ఏ నంబరు చెబితే ఆ నంబరు కుట్టింది. పద్నాలుగు మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నలభై నాలుగేళ్ళ కిందట ఆ జెర్సీ తొడుక్కుని ఆడుతుండగా, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ వచ్చి గొంతుకు తగిలి, ఆమె అన్న మంచు మీదే ప్రాణం వదిలాడు. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వబోమని క్లబ్బు ఆ వారమే మాటిచ్చింది. పద్నాలుగు అని రాసిన పెద్ద గుడ్డ ఒకటి అప్పటినుంచీ స్టేడియం కప్పు కింద వేలాడుతోంది.

"కెనడా నుంచి కొత్తగా వచ్చాడు కదా ప్రోకొప్, వాడికి ఆ నంబరంటే సెంటిమెంటట," అన్నాడు మేనేజర్ వీలాండ్, కుట్టుగది గుమ్మంలో నిలబడి. "సాయంత్రం మ్యాచ్‌కి కావాలి జెంజిగారూ."

"కుదరదు. క్లబ్బు మాటిచ్చింది."

"అది పాత క్లబ్బు. దివాలా తీసి ఇరవై ఏళ్ళయింది. మాది 2003లో పెట్టిన కంపెనీ. వాళ్ళిచ్చిన మాటలకి మేం బాధ్యులం కాదు. లాయర్ని కూడా అడిగాను."

"అబ్బో, లాయరు దాకా వెళ్ళారన్నమాట!" ఆమె చేతికందిన జెర్సీ లాగి అతని మొహం ముందు పట్టుకుంది. గుండెల మీద, క్లబ్బు గుర్తు కింద, '1948 నుంచి' అని కుట్టిన పట్టీ ఉంది. "మరి ఇదేంటి?"

"అదా... పాత చరిత్రంటే జనానికి గౌరవం కదండీ."

"గౌరవమేమో మీది, ఇచ్చిన మాటేమో దివాలా తీసినవాళ్ళదా?"

"మూడింటికి వస్తాను," అని వీలాండ్ జారుకున్నాడు.

జెంజి తలుపు గడియ పెట్టింది. సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు! నలభై ఎనిమిదిలో ఈ మంచు మైదానం చుట్టూ కొట్టిన చెక్కలన్నీ ఊరివాళ్ళు భుజాల మీద మోసుకొచ్చినవే. వాళ్ళలో జెంజి నాన్న కూడా ఉన్నాడు. అప్పటి ఫొటోలన్నీ కంపెనీవాళ్ళు క్యాలెండరేసి అమ్ముకోలేదూ? అమ్ముకునేటప్పుడు పాత క్లబ్బు మాదే, మాట నిలబెట్టుకోవాల్సి వస్తే మాత్రం ఎవరిదో! తిట్టుకుంటూనే ఆమె కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుంది. ఒక్కో దారమే తెంపుకుంటూ, ఇరవై రెండు జెర్సీల మీదా ఆ పట్టీలు ఊడదీసింది.

మూడింటికి జెంజి గడియ తియ్యగానే లోపలికొచ్చిన వీలాండ్, పట్టీ లేని జెర్సీ ఒకటి లాక్కుని చూశాడు.

"ఏంటిది! పిచ్చిగానీ పట్టిందా? సాయంత్రం టీవీ వాళ్ళొస్తున్నారు!"

"మీ కంపెనీ 2003ది కదా. కావాలంటే 2003 అని కుడతాను, బోలెడు దారముంది."

"పరువు తీస్తారా?"

"ఎవరి పరువు? ఏ క్లబ్బు పరువు? అది తేల్చి చెప్పండి ముందు."

వీలాండ్ కుర్చీలో కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "సరే, పద్నాలుగు వద్దు. ప్రోకొప్‌కి ఇంకేదన్నా ఇద్దాం. ఆ పట్టీలు మాత్రం కుట్టెయ్యండి," అన్నాడు.

"వాడిది ఎప్పుడో అయిపోయింది. నలభై ఒకటి. అదిగో, కొక్కేనికి తగిలించాను. పాపం, ఆ కుర్రాడి తప్పేముంది?" జెంజి కత్తి బల్ల మీద పెట్టింది. "పట్టీలు కూడా కుడతాను. ముందు ఒక్క మాట చెప్పు. ఆ పద్నాలుగు ఎవరిది?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. వీలాండ్ స్టేడియంలోకి తెరుచుకునే కిటికీలోంచి కప్పు కింది గుడ్డ వైపు చూశాడు. దాని మీద నంబరే ఉంది, పేరు లేదు.

"మీ... మీ అన్నగారిది."

"పేరు?"

అతను మళ్ళీ గుడ్డ వైపే చూశాడు. నాలుగేళ్ళుగా ప్రతి మ్యాచ్‌కీ సరిగ్గా ఆ గుడ్డ కిందే కూర్చుంటున్నాడు.

జెంజికి కోపంతో పాటు ఏడుపు కూడా తన్నుకొచ్చింది. "కొర్బీనియన్! ఇరవై తొమ్మిదేళ్ళు వాడికి! పేరైనా తెలీకుండానే వేరేవాడికి ఇచ్చేద్దామనుకున్నావు కదా!" అంటూ కోటు తొడుక్కుంది. "సాయంత్రం ఆట మొదలవకముందు ఆ పేరు మైకులో జనమందరికీ వినపడేలా చెప్పు. రేపొద్దున వచ్చి పట్టీలు కుడతాను."

"మరి ఇవాళ్టికి?"

"ఇవాళ్టికి ఇలాగే ఆడండి," అని ఆమె తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది.