తలుపు నుంచి కిటికీ దాకా

మధ్యాహ్నానికే టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. పొద్దుటి నుంచీ ఇది మూడో స్పోకెన్ ఇంగ్లీషు బ్యాచి, అందరూ పనులకెళ్ళేవాళ్ళే. పైగా ట్యుటోరియల్ యజమాని మెట్ల దగ్గరే ఆపి, "అమ్మా, పొద్దున ఆరింటి బ్యాచి కూడా మీరే చూసుకోవాలి. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు. చెప్పేదేముంది, ఆవిడ నోటికి కాదనడం ఎప్పుడొచ్చింది గనక! ఇంట్లో మొగుడేమో "నీకేంటే, రాయిలా ఉంటావు," అంటాడు. అది పొగడ్తే అనుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది పిచ్చితల్లి.

ఆ రోజు పాఠం, ఏదైనా ఎంత ఉందో ఇంగ్లీషులో చెప్పడం. దానికి ఆవిడకో పద్ధతి ఉంది. తలుపు పక్కన అస్సలు లేదనే 'నాట్ ఎట్ ఆల్', ఆ గోడ పొడవునా 'ఎ లిటిల్', 'క్వైట్', 'వెరీ', చివర కిటికీ దగ్గర 'టూ' అని సుద్దముక్కతో రాస్తుంది. ప్రశ్న అడగ్గానే అందరూ లేచి, ఎవరి సంగతి ఎంతో అక్కడ నిలబడి వాక్యం చెప్పాలి.

"'వెరీ టైర్డ్' అంటే బాగా అలిసిపోయాం, అయినా పని లాగిస్తాం. 'టూ టైర్డ్ టు వర్క్' అంటే ఇక చెయ్యలేం. మీరెంత అలిసిపోయారు? లేవండి."

బస్సు డ్రైవరు 'వెరీ' కింద నిలబడ్డాడు. టైలరమ్మాయి 'ఎ లిటిల్' దగ్గర ఆగింది.

"మొహమాటమెందుకమ్మా, ఇందాక బల్ల మీద పడి గుర్రు పెట్టావుగా!" అన్నాడు డ్రైవరు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ అతని పక్కకి జరిగి, "మరి మీరు, మేడమ్?" అంది.

ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఆ మాట అడిగినవాళ్ళే లేరు. అలవాటుగా 'ఎ లిటిల్' దగ్గరికి వెళ్ళి నిలబడింది. మోకాళ్ళు పీక్కుపోతున్నాయి. అబద్ధం చెప్పడానిక్కూడా ఓపిక ఉండాలి కదా! 'క్వైట్' దాటింది. డ్రైవరు పక్కకి తప్పుకుని చోటిచ్చాడు. అక్కడా ఆగలేదు. కిటికీ దాకా వెళ్ళి గోడకి చేరబడింది.

"వాక్యం చెప్పండి, మేడమ్," అన్నాడు డ్రైవరు మెల్లిగా.

టీచరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో యజమాని తలుపులోంచి తొంగిచూశాడు. "అమ్మా, ఆరింటి బ్యాచికి మీ పేరే వేసేశాను. సరేనా?"

అతగాడు సరిగ్గా 'నాట్ ఎట్ ఆల్' పక్కనే నిలబడి ఉన్నాడు.

"తెలుగులోనే చెప్తానండీ," అంది టీచరమ్మ. "నా వల్ల కాదు."

"అదేంటమ్మా, ఎప్పుడూ ఇలా అన్లేదే!"

"అనలేదు. ఎంత అలిసిపోయానో నాకూ ఇప్పుడే తెలిసింది."

టైలరమ్మాయి కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసింది. టీచరమ్మ కూర్చుంది. మిగతా పాఠం కూర్చునే చెప్పింది.