ఎడమవైపు వడ్డన

యోస్ట్ తెర్‌హార్ ఆటలో ఏదో తిరకాసు ఉందని నైనికకు మొదటి వారంలోనే అనుమానం వచ్చింది.

గ్రోనింగెన్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు. పందొమ్మిదేళ్ళకే నెదర్లాండ్స్‌లో పేపర్లన్నీ అతని ఫోటో వేశాయి. ఆ తర్వాత ఇంగ్లాండ్‌లో ఒక పెద్ద క్లబ్ ఎగరేసుకుపోయింది. రెండేళ్ళు మెరుపులు మెరిపించాడు. మూడో ఏడు ఒక్కసారిగా పడిపోయాడు. దెబ్బ తగిలిందని ఎవరూ రాయలేదు. పార్టీలు ఎక్కువయ్యాయని రాశారు. అమ్మేశారు. టర్కీ వెళ్ళి మళ్ళీ లేచాడు. అక్కడ జనం భుజాల మీద మోశారు. ఆ ఊపులో గ్రీస్ వెళ్తే మళ్ళీ బోల్తా. బెల్జియంలో సగం సీజన్ దేవుడు, మిగతా సగం దిష్టిబొమ్మ. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ క్లబ్బూ పిలవలేదు.

ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళ వయసులో మిషిగన్ రాష్ట్రంలో, నోవైకి కూతవేటు దూరంలో, హురాన్ రోవర్స్ అనే రెండో శ్రేణి జట్టులో ట్రయల్‌కి వచ్చాడు. ఇక్కడ కాంట్రాక్ట్ దొరక్కపోతే ఇంటికి వెళ్ళి మామగారి పూలతోటలో తులిప్ గడ్డలు తవ్వుకుంటానని తనే నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వులో నవ్వు లేదు.

నైనిక ఆ జట్టుకి అథ్లెటిక్ ట్రైనర్. ఆటగాళ్ళ కండరాలు, కీళ్ళు, కట్లు, పరీక్షలు అన్నీ ఆమె చేతుల మీదుగానే నడుస్తాయి. యోస్ట్‌ని ఆమే పరీక్ష చేసింది. మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. గుండె గుర్రంలా ఉంది. కంటిచూపు పరీక్షలో గోడ మీది అక్షరాలు రెండుసార్లూ గడగడా చదివేశాడు. ఫిట్ అని సంతకం పెట్టింది.

మరి మైదానంలో ఏమవుతోంది? ఒక డ్రిల్‌లో ఇద్దరిని మాయ చేసి దాటిపోతాడు. తర్వాతి డ్రిల్‌లో పక్కనే ఉన్న సొంత జట్టువాణ్ణి గుద్దుకుని పడతాడు. పోనీ బద్ధకమా అంటే అందరికంటే ముందు వచ్చేదీ అతనే, ఆఖరున వెళ్ళేదీ అతనే.

"వచ్చే శనివారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో తేల్చేస్తాను," అన్నాడు కోచ్ హాలరన్. "పేరు చూసి ఇన్నాళ్ళు ఆగాను. ఇక ఆగను."

నైనిక కూర్చుని అతని పాత వీడియోలన్నీ చూసింది. ఎక్కడా ఏమీ అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే నిద్రపట్టని మనిషి ఆమె.

* * *

హోటల్‌లో పాలలో ఓట్స్ కలుపుకుని మూడు పూటలా అవే తింటున్నాడని నైనిక ఇంట్లో నోరు జారింది. తల్లి దమయంతి ప్రాణం విలవిల్లాడింది.

"దేశం కాని దేశంలో ఒక్కడే ఉన్నాడా? ఆదివారం భోజనానికి తీసుకురా."

"అమ్మా, అతను ప్లేయర్. డైట్ ఉంటుంది."

"డైటు హోటల్లో. మనింట్లో అన్నం. డాక్టర్ చదవమంటే కట్లు కట్టే ఉద్యోగంలో చేరావు. కనీసం ఆ కట్టించుకునేవాళ్ళకి కడుపునిండా తిండైనా పెట్టనీ."

నైనిక ఫోన్ తీసి యోస్ట్‌కి మెసేజ్ పెట్టింది.

ఆదివారం హోటల్ ముందు కారు ఆపితే, యోస్ట్ ముందు సీటు వదిలేసి వెనక్కి వెళ్ళి, సరిగ్గా డ్రైవర్ వెనకాల కూర్చున్నాడు.

"నేనేమైనా ఉబర్‌నా?" అంది నైనిక.

"అలవాటు," అన్నాడతను. "కోపం తెచ్చుకోకు."

రోడ్డుకి రెండువైపులా కరగని మంచు నల్లగా మాసిపోయి గుట్టలుగా పడి ఉంది. దారిలో నైనిక అతనికి ఒకే ఒక్క పాఠం చెప్పింది. "మా అమ్మ వడ్డిస్తున్నప్పుడు చాలు అనాలి. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. రెండూ చెయ్యాలి. ఒక్కటి చేస్తే ఆగదు."

"చాలు," అని అతను రెండుమూడుసార్లు పలికి చూసుకున్నాడు.

ఇంట్లో గిన్నెలు బల్ల మీద పెట్టి ఎవరిది వాళ్ళు పెట్టుకోవడం దమయంతికి గిట్టదు, మొదటిసారి వచ్చిన మనిషి విషయంలో అసలే గిట్టదు. తినే కుడిచేతికి అడ్డు రాకూడదని ఎప్పుడూ మనిషికి ఎడమవైపు నిలబడి వడ్డిస్తుంది. యోస్ట్‌కి కుడిపక్క కుర్చీలో నైనిక తండ్రి వీరభద్రరావు కూర్చున్నాడు. ఆయన కార్ల సెన్సర్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. వినే మనిషి దొరికితే వదలడు.

"అద్దంలో అంతా కనిపిస్తుందనుకుంటాం యోస్ట్. కనపడదు. పక్క లేన్‌లో, కొంచెం వెనగ్గా వచ్చే బండి ఉందే, అది ఏ అద్దంలోనూ ఉండదు. దాన్నే బ్లైండ్ స్పాట్ అంటాం. నా పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఆ ఒక్క మూల మీదే గడిచిపోయింది."

యోస్ట్ ఆయనవైపు తిరిగి శ్రద్ధగా వింటున్నాడు. ఇటు దమయంతి అతని ఎడమ భుజం దగ్గర నిలబడి గుత్తివంకాయ వేసింది. అతను కదల్లేదు. ఇంకొకటి వేసింది. కదల్లేదు. ముద్దపప్పు, పైన నెయ్యి, మళ్ళీ అన్నం. చేతి గాజులు గలగలమన్నా వీరభద్రరావు గొంతు ముందు అవి ఏ మూలకి? ఆయన ఊపిరి పీల్చుకున్నప్పుడు యోస్ట్ ప్లేటు వైపు తిరిగి ఉలిక్కిపడ్డాడు. తిన్నదానికంటే ప్లేటులో ఎక్కువ ఉంది. అయోమయంగా మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

"చూశావా, వద్దనడం లేదు. ఎంత ఆకలి మీద ఉన్నాడో పాపం!" అంది దమయంతి మురిసిపోతూ.

అప్పుడు వీరభద్రరావు అప్పడం అందించబోయాడు. ఆయన చెయ్యి ప్లేటు దాకా రాకముందే యోస్ట్ చెయ్యి చటుక్కున అడ్డం పడింది. "చాలు!"

నైనిక నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది.

కుడివైపు నుంచి వస్తే గద్దలా పట్టాడు. ఎడమవైపు నుంచి ఇన్ని గరిటెలు పడుతున్నా తెలియలేదు. నైనిక లేచి తల్లి వెనకే వంటింట్లోకి నడిచింది.

"అమ్మా, పెరుగన్నం తీసుకెళ్ళు. ఈసారి రైట్ సైడ్ నుంచి పెట్టు."

"నాన్న కూర్చున్నారు కదే అటు?"

"నాన్న వెనకాల నుంచి పెట్టు. ప్లీజ్."

దమయంతి ఇద్దరి కుర్చీల మధ్య నుంచి గరిటె చాపింది. గరిటె ఇంకా గాల్లో ఉండగానే యోస్ట్ చెయ్యి అడ్డం. "చాలు, చాలు."

"ఇప్పుడు లెఫ్ట్ నుంచి," అంది నైనిక తెలుగులో.

"ఏంటే, భోంచేసే మనిషితో నీ ఎక్స్‌పెరిమెంట్లు?" అంటూనే దమయంతి చుట్టూ తిరిగొచ్చింది. వీరభద్రరావు మళ్ళీ సెన్సర్ల కథ ఎత్తుకున్నాడు, యోస్ట్ మళ్ళీ అటు తిరిగాడు. పెరుగన్నం నిశ్శబ్దంగా ప్లేటులోకి దిగింది.

అతనికి తెలియనే లేదు.

* * *

తిరిగి వెళ్ళేటప్పుడు నైనిక కారు వెనక తలుపు తెరవనివ్వలేదు. "ముందు కూర్చో," అంది. అతను ఒక్క క్షణం తటపటాయించి కూర్చున్నాడు. ఇక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమపక్క కాబట్టి, ఇప్పుడు నైనిక అతనికి ఎడమవైపు ఉంది.

ఎర్ర సిగ్నల్ దగ్గర కారు ఆగింది. నైనిక కుడిచెయ్యి మెల్లగా ఎత్తి అతని చెంప పక్కన పెట్టింది.

"తల తిప్పకుండా చెప్పు. ఎన్ని వేళ్ళు?"

యోస్ట్ తల తిప్పలేదు. ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు. సిగ్నల్ పచ్చగా మారింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు చివరికి.

"మా అమ్మ."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదు. ఆవిడ అన్నం పెట్టింది, అంతే. ఎప్పటి నుంచి?"

"ఇంగ్లాండ్‌లో రెండో సీజన్ అయిపోయాక. సెలవుల్లో ఊరెళ్ళాను. స్నేహితుడితో స్క్వాష్ ఆడుతుంటే బంతి ఎడమ కంట్లో తగిలింది. ఆపరేషన్ రహస్యంగా చేయించుకున్నాను. చూపు రాలేదు. జ్వరమని క్లబ్‌కి అబద్ధం చెప్పాను. ఆ రోజు మొదలుపెట్టిన అబద్ధం ఇవాళ్టి దాకా ఆపడం చేతకాలేదు."

"మరి నేను ఐ టెస్ట్ చేసినప్పుడు?"

అతను సిగ్గుపడ్డాడు. "మొదట కుడిచేత్తో ఎడమ కన్ను మూశాను. రెండో కన్ను అన్నావు. చెయ్యి మార్చాను. కన్ను మార్చలేదు. నువ్వు గోడ వైపు చూస్తున్నావు."

నైనికకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. అక్షరాలు సరిగ్గా చదువుతున్నాడా లేదా అని గోడనే చూసింది. మనిషిని చూడలేదు.

అంతలో ఆమె బుర్రలో పాత వీడియోలన్నీ ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. కారు పక్కకి తీసి ఆపేసింది.

"టర్కీలో నువ్వు ఏ వైపు ఆడావు?"

"లెఫ్ట్ వింగ్. వాళ్ళ లెఫ్ట్ వింగర్ కాలు విరిగింది. గత్యంతరం లేక నన్ను అటు వేశారు."

"గ్రీస్‌లో?"

"రైట్."

"బెల్జియంలో?"

"మొదట లెఫ్ట్. తర్వాత కొత్త కోచ్ వచ్చి రైట్‌కి మార్చాడు."

అదీ సంగతి! ఎడమ అంచున ఆడితే అతని ఎడమపక్క ఉండేది తెల్లగీత ఒక్కటే. మైదానమంతా కుడివైపు, మంచి కన్ను ముందు. కుడి అంచున ఆడితే మైదానం మొత్తం గుడ్డికంటి వైపు. ఇన్నేళ్ళ ఎత్తుపల్లాలకి పార్టీలు కారణం కాదు, బద్ధకమూ కాదు. ఎవరు ఏ వైపు నిలబెట్టారన్నదే కారణం.

"లెఫ్ట్‌లో ఆడతానని ఎందుకు అడగలేదు?"

"ప్రతి చోటా అడిగాను. చిన్నప్పటి నుంచి నువ్వు రైట్ వింగర్‌వి, ఎందుకు మారాలి అంటారు. ఎందుకో చెప్తే ఇంటికి పంపేస్తారు." అతను తల పూర్తిగా తిప్పి ఆమెను చూశాడు. "శనివారం దాకా ఆగు నైనికా. మ్యాచ్ అయ్యాక ఏమైనా రాసుకో."

"ఆగను. శనివారం ఎవడి మోచెయ్యైనా నీ కుడికంట్లో తగిలితే? తులిప్ గడ్డలు కూడా కనపడవు నీకు. నేను పెట్టింది తప్పు సంతకం. రేపు దిద్దుతాను."

అతని మొహం పాలిపోయింది.

"కానీ నాకంటే ముందు నువ్వే వెళ్ళి కోచ్‌కి చెప్పు. నేను పక్కనే ఉంటాను," అని ఆగి, "కుడిపక్కన," అంది.

* * *

హాలరన్ వింటున్నంతసేపూ బల్ల మీద పెన్ను దొర్లిస్తూ కూర్చున్నాడు.

"కంటి పరీక్ష చేసిందెవరు?"

"నేనే," అంది నైనిక.

"నీ సంగతి తర్వాత చూస్తాను." పెన్ను ఆగింది. "తెర్‌హార్, ఇంత పెద్ద విషయం దాచి నా మైదానంలో పరిగెత్తావు. ఇవాళే నీకు టికెట్ కొనాలి నేను."

యోస్ట్ తల వంచుకున్నాడు. నైనిక ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద తిప్పి పెట్టింది. టర్కీ ఆటలు, గ్రీస్ ఆటలు పక్కపక్కన నడుస్తున్నాయి. ఏ వైపు చూడాలో తెలిశాక పసిపిల్లలకు కూడా అర్థమయ్యే తేడా అది. హాలరన్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఇంతమంది కోచ్‌లు," అని గొణిగాడు. "ఒక్కడికీ తట్టలేదా?" తననూ కలుపుకునే అన్నాడు.

కంటి స్పెషలిస్టు గట్టి అద్దాలు పెట్టుకునే షరతు మీద ఒప్పుకున్నాడు. శనివారం యోస్ట్ ఎడమ అంచున, మొహానికి పెద్ద పెద్ద గాగుల్స్‌తో నిలబడ్డాడు. జట్టంతా ఈల వేసింది. "ఏం బాస్, ఈతకొచ్చావా?" అని అరిచాడు గోల్‌కీపర్.

మొదటి బంతి కాలికింద నుంచి జారిపోయింది. రెండోది గీత దాటింది. నైనిక గోళ్ళు కొరికేసుకుంది. మూడో బంతికి అతను ఇద్దరి మధ్య నుంచి నీళ్ళలా జారి, తల ఎత్తి, ఎక్కడో దూరంగా ఉన్న ఫార్వర్డ్ కాలి ముందు బంతిని పెట్టాడు. ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు. అతను గోల్ కొట్టలేదు. మూడు కొట్టించాడు. ఒకసారి ఎడమవైపు నుంచి దూసుకొచ్చిన సొంత డిఫెండర్‌ని గుద్దుకుని ఇద్దరూ దొర్లారు. డిఫెండర్ లేచి, "ఇక నుంచి వచ్చేముందు కూతేస్తాలే," అన్నాడు.

హాలరన్ నైనిక పక్కకు వచ్చి నిలబడ్డాడు. "సీజన్ ఆఖరి దాకా కాంట్రాక్ట్ ఇస్తున్నాను. అటు పైన అతని అదృష్టం. నువ్వు మాత్రం జట్టు మొత్తానికీ కంటి పరీక్ష మళ్ళీ చెయ్యి. గోడని కాదు, మనిషిని చూస్తూ."

ఆ మరుసటి ఆదివారం యోస్ట్ తనంతట తనే భోజనానికి వచ్చాడు. వీరభద్రరావు ఈసారి టర్కీ కథ తను వింటానని కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. యోస్ట్ అటు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. దమయంతి గుత్తివంకాయ గిన్నెతో మెల్లగా ఎడమవైపుకి చేరింది. గరిటె వంచబోయింది.

తల తిప్పకుండానే అతని చెయ్యి ప్లేటు మీద పడింది. "చాలు, ఆంటీ."

దమయంతి నివ్వెరపోయింది. "ఎలా తెలిసిందే ఇతనికి?"

నైనిక అడిగి చెప్పింది. "నీ గాజుల చప్పుడు వింటున్నాడట అమ్మా."

దమయంతి ఒక్క క్షణం ఆలోచించింది. గిన్నె బల్ల మీద పెట్టి, చేతి గాజులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.