ఒట్టి చేతులతో ఎక్కిన కొండ

ఇంట్లో అబద్ధం చెప్పి కొండెక్కిన ఆడది ఆ కొండమీద నమాజు చేస్తే అది అల్లాకు చేరుతుందా? ఏళ్ళ తరబడి నన్ను వదలని సందేహం ఇది. ఎవరినీ అడగలేదు. అడగాలంటే ముందు అబద్ధం సంగతి చెప్పాలి కదా.

మెర్బాబు కొండ మా సెలో ఊరికి కొత్త కాదు. మా క్యాబేజీ మళ్ళు, పొగాకు మళ్ళు దాని ఒంటిమీదే ఉన్నాయి. పశువులకు గడ్డిమోపు కోసం రోజూ అక్కడిదాకా వెళ్ళేదాన్ని. ఆపైన ఏముందో చూడాలని తోచలేదు. తోచే తీరిక లేదు. వుర్యాని అలా కాదు. మా వీధి చివర ఉండే బడి టీచరు, పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం వస్తే మెడలో కెమెరా వేసుకుని కొండెక్కేది. దారిలో కనిపించిన ఆడవాళ్ళందరినీ ఫోటోలు తీసేది. మోపు కింద సగం దాగిన నా మొహాన్నీ తీసింది.

"ఇస్తికోమా అక్కా, ఇన్నేళ్ళూ ఈ కొండకింద అంట్లు తోమావు. ఒక్కసారైనా పైనుంచి నీ ఇల్లు చూశావా?"

ఆ మాట మా ఆయన చెవిన వేశాను. "నడక కావాలంటే పొలానికి దారి లేదూ? ఆవిడకు కొండే మొగుడు," అని నవ్వారు. అత్తగారూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎవరింట్లో పెళ్ళయినా, చావు దినమైనా ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళి వంటకు సాయం చేయడం మా ఆచారం. కూలి ఉండదు. దానికి వెళ్తానంటే ఏ మొగుడూ కాదనడు. "పక్క ఊళ్ళో వుర్యాని పిన్నిగారింట్లో కార్యమటండీ, సాయానికి పిలిచారు," అన్నాను. "వెళ్ళిరా," అన్నారు. తెల్లారకముందే పాలు పితికి, అన్నం వండిపెట్టి బయల్దేరాను. పరాయి పొయ్యి ముందు రోజంతా ఊడిగం చేయడానికి ఇంత సులువుగా దొరికిన సెలవు, ఊరికే నడుస్తానంటే ఎందుకు దొరకదని దారిపొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

వీపున బరువు లేకుండా ఆ దారిలో నడవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఊపుకుంటూ నడువక్కా, వాటికీ ఇవాళ సెలవే," అంది వుర్యాని. మధ్యాహ్నానికి పైనున్న పచ్చిక మైదానం చేరాం. మబ్బుల సందులోంచి మా ఇల్లు చూపించింది. అంత చిన్న ఇంట్లో అంత పని ఎలా పట్టిందా అనిపించింది. సీసా నీళ్ళతో మొహం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసి ఆ గడ్డిమీదే నమాజు చేశాను. ఎవరూ పిలవలేదు. పొయ్యిమీద ఏదీ మాడలేదు.

లేచాక వుర్యాని, "ఇప్పుడు నువ్వు నన్ను తియ్యి. ఊరందరి మొహాలూ నా దగ్గరున్నాయి, నాదే లేదు," అంది. కెమెరా చేతకాదంటే, "నీ ఫోన్లోనే తియ్యి," అంది. గాలికి ఎగిరే ముసుగును రెండు చేతులా పట్టుకుని పగలబడి నవ్వుతోంది. తీశాను. "అచ్చు వేయించి ఇవ్వాలి. బాకీ సుమా!"

కొండ దిగాక గుర్తొచ్చింది. కార్యానికి వెళ్ళినవాళ్ళు భోజనం పొట్లం లేకుండా ఇల్లు చేరరు. నా మొహం చూసి వుర్యాని పడీపడీ నవ్వింది. హోటల్లో అన్నం, కోడికూర కొని వెదురుబుట్టలో సర్దింది. మా ఆయన అది తిని, "వాళ్ళింట్లో ఉప్పెక్కువ. నువ్వక్కడుండీ చూసుకోవద్దూ?" అన్నారు.

ఫోటో వేయించలేదు. బజార్లో ఉన్న ఒక్క స్టూడియో మా మరిదిది. "ఫోనివ్వు, నేనే వేయించుకుంటా," అని వుర్యాని అంటే అదీ భయమే. ఆమె గోడమీద అది వేలాడితే, తీసిందెవరని ఊరు అడుగుతుంది. "రేపిస్తాలే," అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఒక వానాకాలం జ్వరమొచ్చి, తేరుకోకుండానే పోయింది. ఆ రోజు వంట సాయంలో ఒకావిడ, "కొండగాలే తినేసింది. ఎవరితో వెళ్ళేదో ఏమో," అంది. నాతో వెళ్ళిందని నోటిదాకా వచ్చింది. తల వంచుకుని కొబ్బరి కోరాను.

ఇప్పుడు ఆమె పోయిన వెయ్యో రోజుకు చేసే కార్యం వచ్చింది. పోయినవారి కోసం చదవమని ఆ రోజు పంచే యాసీన్ ప్రార్థన పుస్తకం మొదటి పేజీలో పోయినవారి ఫోటో వేస్తాం. పోయినవారం వుర్యాని తమ్ముడు హార్యాది వచ్చి మా వసారాలో మా ఆయన పక్కన కూర్చున్నాడు.

"కెమెరాలో ఊరంతా ఉందన్నా, అక్కొక్కతే లేదు. గుర్తింపు కార్డు ఫోటో వేద్దామంటే, పోలీసులు వెతికే మనిషిలా ఉంది."

"అదే చాలు. పుస్తకం చదవడానికా, మొహం చూడ్డానికా?" అన్నారు మా ఆయన.

టీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళాను. బీరువాలో నమాజు బట్టల కింద దాచిన పాత ఫోనుకు ఛార్జింగ్ పెట్టి, అది వెలిగేదాకా నిలబడ్డాను. తెచ్చి హార్యాది చేతిలో పెట్టాను. అతను చూసి మొహం కప్పుకున్నాడు.

మా ఆయన వంగి చూశారు. "ఇది కొండమీద కదూ? ఎవరు తీశారు?"

"నేనే."

"నువ్వెప్పుడెళ్ళావ్?"

"వంట సాయానికని చెప్పిన రోజు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నన్నడిగితే వద్దనేవాణ్ణా?"

"అనేవారండీ," అన్నాను.

మర్నాడు ఎక్కడికి వెళ్తున్నానో ఇంట్లో చెప్పే బయల్దేరాను. మరిది స్టూడియోలో ఆ ఫోటో ఒకటి వేయించాను. "ఎవరు తీశారు వదినా, బాగుంది," అన్నాడు. చెప్పాను. అక్కణ్ణుంచి శ్మశానానికి వెళ్ళి, వుర్యాని సమాధి దగ్గర యాసీన్ చదివాను. తలరాయికి ఫోటో ఆనించాను.

"ఇదిగోనే, నీ బొమ్మ," అన్నాను.