కొత్త బీరువాకు పాత మరకలు

జెస్సీ నా కోడలు. నా కొడుకు జయకుమార్ పోయి రెండేళ్లయినా నన్ను విడిచిపెట్టలేదు. కమలాపురంలో ఉండే వాళ్లన్న లేవి మాత్రం వారానికోసారి ఫోన్ చేసి, "ఈడికి వచ్చెయ్ మే, బడిలో ఆయా పని ఉండాది" అంటాడు. ఈసారి జెస్సీ, "ఈ బీరువా పని సాగితే ఉంటానన్నా, లేకుంటే వస్తా" అంది. పక్క గదిలో పడుకుని నేను విన్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు.

ఆ బీరువా కల్లూరులో మేముండే ఇంటి వసారాలోనే ఉంది. వడ్రంగి కొత్తగా చేసిన చెక్క బీరువా. కర్నూలులో బట్టల కొట్టువాళ్ల కోడలు ఉదయశ్రీ, దాన్ని పాతకాలం దానిలా చేసిమ్మంది. జెస్సీ ముందు ఎర్రరంగు వేసి, అంచులకు కొవ్వొత్తి రుద్ది, పైన ఆకుపచ్చ పూసింది. మైనం ఉన్నచోట పైరంగు నిలవదు. ఉప్పుకాగితంతో రుద్దితే రాలిపోయి అడుగు ఎరుపు బయటపడుతుంది. చివరికి మూలల్లో మసిరంగు అద్ది, ఆరబెట్టి బజారుకు పోయింది.

సాయంత్రం ఉదయశ్రీ వస్తుందని నాకు ఒకటే దడ. వెళ్లి చూస్తే మూలలన్నీ నల్లగా జిడ్డోడుతున్నాయి. మా అమ్మ ఇంట్లోంచి ఏ సామాను బయటికి పోయినా, అది పెళ్లికూతురి పెట్టెయినా, చావు తర్వాత పంచుకున్న బిందెయినా, కడిగి గానీ పంపేది కాదు. బీరువా పాతగా కనబడాలని నాకు తెలుసు. మురికిగా ఉండాలని తెలియదు. సబ్బునీళ్లు కలిపి మూలమూలా తుడిచాను.

జెస్సీ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందత్తా ఇది?"

"మురికుంటే తుడిచినా."

"ఆ మురికి పెట్టేదానికి నాకు పూటంతా పట్టింది." అలాగే అరుగు మీద కూలబడింది. "ఆయమ్మ వచ్చే పొద్దాయ. యాడ యాడ పెట్టినానో కూడా గుర్తులేదు. లేవన్నకు చెప్పేస్తా, వస్తానని."

"ఫోన్ తర్వాత చేద్దువుగానీ, ఆ రంగు ఇట్లియ్యి."

"నీకేం తెలుసత్తా?"

"మురికి యాడ పడతాదో నాకు తెలీదా? యాభై ఏండ్లు తుడిచినా."

నందికొట్కూరులో మా అత్తగారిదొక బీరువా ఉండేది. వేరుపడినప్పుడు అది మరిది వాటాకు పోయింది. ట్రాక్టరు సందు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే దాని మరకలన్నీ కనబడ్డాయి.

"పిడి చుట్టూ కాదు మే, పిడి కింద. నూనె వేళ్లు ఆడ ఆనతాయి. నడుమెత్తులో ఈ అంచుకు పుయ్యి. చంకలో బిడ్డ ఉంటే మోచేత్తో తోస్తాం కదా. ఈ కింద మూల రంగు శానా పోవల్ల. కాలితో మూస్తారు." నేనే ఉప్పుకాగితం అందుకుని ఆ మూల దగ్గర కూర్చున్నాను.

"ఎవరు?"

"ఇంకెవరు, వాడే. ఎన్ని తిట్లు తిన్యా కాలితోనే."

జెస్సీ నవ్వింది. "పెండ్లయినంక కూడా అంతే." నా చేతిలోంచి ఉప్పుకాగితం తీసుకుని ఆ మూలను తనే చాలాసేపు రుద్దింది.

ఉదయశ్రీ ఆరింటికి వచ్చింది. బీరువా చుట్టూ తిరిగి, కింద మూల దగ్గర వంగి, వేలితో తడిమింది.

"మా మామ గూడా ఇట్లే తంతాడు" అంది. "దేవుని గదికి ఇంకోటి చేసియ్యి జెస్సీ."

ట్రాలీ ఆటోలో బీరువా వెళ్లిపోయాక జెస్సీ వాళ్లన్నకు ఫోన్ చేసింది. "ఇంకోటి వచ్చిందన్నా. అది అయిపోనీ, చూద్దాం."

"ఎన్ని దినాలు పడతాది మే?" అన్నాను.

"ఇరవై."

"తొందరేం లేదు" అన్నాను. "ఒక్కో పూత బాగా ఆరనీ."