జవాబు రాని వెలుగు చుక్కలు

గుంటూరు కాలేజీ ల్యాబులో లిడియా ఆవగింజంత సముద్రజీవులను పెంచుతోంది. అవి రొయ్యలకు దూరపు చుట్టాలు. ఎండల్లో కరెంటు పోయి తొట్లలో నీళ్లు వేడెక్కాయి. ఒక జాతిలో ఒక్క మగదే మిగిలింది.

అన్నం క్యారియరు తెచ్చిన తండ్రి జక్రయ్యకు చీకటిగదిలో దాన్ని చూపించింది. అది వెలుగు చుక్కలు వదులుతూ పైకి ఈదుతోంది.

"ఎవర్ని పిలుస్తందమ్మా?"

"ఆడదాన్ని. మొదట్లో శత్రువుని బెదరగొట్టడానికే ఈ వెలుగు, నాన్నా. కోట్ల ఏళ్లకి పిలుపైంది. ఒక్కో జాతికి ఒక్కో చుక్కల వరస."

"పక్క తొట్లో ఆడవి ఉన్నాయిగా."

అవి వేరే జాతివి. ఫలితం తెలిసీ లిడియా ఒకదాన్ని తెచ్చి వదిలింది. అది ఆ వెలుగువైపు కదల్లేదు. మగది మళ్లీ తొట్టి అడుగు నుంచి మొదలుపెట్టింది.

"ఎప్పటిదాకా?" అన్నాడు జక్రయ్య.

"చచ్చిందాకా."

మూడోరోజు గది చీకటిగానే ఉంది. లిడియా తొట్టి కడిగి బోర్లించింది.