నాలుగు నిమిషాల ఏకగ్రీవం

మొదట్లో విల్హో చేతిలో ఉన్నవి ఇవి: కోట్కా రేవు పక్కన చేపలకు పొగబెట్టే షెడ్డు, నలభై ఏళ్ల మంచి పేరు, పదకొండుమంది పనివాళ్లు, ఒక అల్లుడు. మొదటి మూడూ నికరమైన సరుకు. నాలుగోది మాత్రం ఎంతకు పోతుందో తేలని సరుకు.

ఆగస్టుకల్లా వ్యాపారం అల్లుడికి అప్పగించి, సరస్సు గట్టున గాలం వేసుకుని కూర్చోవాలని విల్హో కోరిక. అల్లుడు యార్కోకి నాయకత్వ లక్షణాలు లేవని ఆయనకు తెలుసు. లేకపోతేనేం, దొరికేచోట కొనుక్కోవచ్చు కదా! హెల్సింకీలో మూడు నెలల శిక్షణకు పంపాడు.

జూన్ మొదట్లో యార్కో తిరిగొచ్చాడు, గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ పటంతో, మూడు రకాల నాయకత్వాలతో.

మొదటి వారం ఆజ్ఞాపించే రకం. "కట్టెలు ఇటు పెట్టండి!" అని అరిచాడు. కట్టెలు అక్కడే ఉన్నాయి, ముప్పై ఏళ్లుగా.

రెండో వారం భుజం తట్టే రకం. ఆ ముప్పై ఏళ్లుగా పొగ గది చూస్తున్న హిల్కా భుజం మీద చెయ్యి వేసి, "నీలో దాగిన శక్తి ఏమిటో నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు. అడ్డు తప్పుకో, చేప మాడుతోంది," అంది హిల్కా.

మూడో వారం అందరినీ అడిగే రకం. కాఫీ వేళ పదకొండుమందినీ కూర్చోబెట్టాడు. "పెద్ద ఆర్డరు ఒప్పుకున్నాను. ఏటా జులైలో అందరం తీసుకునే సెలవులు ఈసారి ఆగస్టుకి జరుపుదాం. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరూ నోరు విప్పలేదు. శిక్షణలో నేర్పినట్టే యార్కో గడియారం చూసుకుంటూ నాలుగు నిమిషాలు ఓపిక పట్టాడు. కాఫీ చప్పరింపులు తప్ప ఏమీ వినబడలేదు. పుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాసుకున్నాడు.

జులై మొదటి ఆదివారం, సరస్సు గట్టున ఉన్న మామగారికి ఫోన్ చేసి ఆ ఘనకార్యం వివరించాడు.

"సెలవులు మారుద్దామంటే ఏమన్నారు?" అని విల్హో అడిగాడు.

"ఏమీ అనలేదు మామగారూ. నాలుగు నిమిషాలు!"

విల్హో గాలం కింద పడేశాడు.

సోమవారం పొద్దున్న ఆయన షెడ్డుకి వచ్చేసరికి, కొత్త ఏప్రన్ కట్టుకుని పటం కింద యార్కో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఎనిమిదింటికి మూడు టన్నుల సాల్మన్ చేప దిగాలి. అది కుళ్లితే నలభై ఏళ్ల పేరు కూడా దానితోపాటే. విల్హో హిల్కాకి ఫోన్ చేశాడు. అవతల అలల చప్పుడు వినిపించింది.

"ఎక్కడున్నావు హిల్కా?"

"ఎక్కడుంటాను? జులై కదయ్యా."

"ఇష్టం లేకపోతే వాడి మొహం మీదే చెప్పాల్సింది!"

"నాలుగు నిమిషాలు చెప్పాం. ఇంకెంత గట్టిగా అరవమంటావు?"

"మరి ఆ చేపలు?"

"రావు. అతను అడిగిన రోజే లారీవాళ్లకు ఫోన్ చేసి ఆగస్టుకి మార్పించాను. కొనేవాళ్లకూ చెప్పాను. వాళ్ల మేనేజరూ జులైలో ఊళ్లో ఉండడట, పీడ వదిలిందన్నాడు."

"ఎవరినడిగి చేశావు?"

"ఎవరినడగను? మీ అల్లుడు వారానికో మనిషి! ఏ వారం మనిషిని అడగాలో తెలియక అడగడమే మానేశాను."

విల్హో పటం వంక చూశాడు. మూడు నెలలు, మూడు రకాలు. ఎదురుగా ముప్పై ఏళ్లుగా పొగలో నిలబడ్డ మనిషిని తను ఒక్కసారీ చూడలేదు.

"ఆగస్టు నుంచి షెడ్డు తాళాలు నీ దగ్గరే ఉంచుకో హిల్కా."

"ఉంచుకుంటాను గానీ, నన్ను హెల్సింకీ పంపనంటేనే."

ఆగస్టులో విల్హో లెక్క చూసుకున్నాడు. పేరు నిలిచింది, సరుకు అమ్ముడైంది, పదకొండుమందీ ఎండకి కమిలి తిరిగొచ్చారు. గాలానికి రోజూ రెండు చేపలు. పటం వెనక గోడ చెమ్మ కనబడకుండా పోయింది, అదొక లాభం. యార్కో కూడా అభివృద్ధి చెందాడు, చేపల పొట్టలు చీల్చడం వచ్చింది.

ఒకనాడు కాఫీ వేళ, "సోమవారాలు గంట ముందే వద్దామా?" అని హిల్కా అడిగింది. ఎవరూ నోరు విప్పలేదు. యార్కో కూడా, మొదటిసారి.

"సరే, వద్దు," అంది హిల్కా. ఆమెకు అర నిమిషం చాలింది.